బాకీ తీరింది, కొత్త కార్డు ఎప్పుడు అడగాలి?



దసరా దగ్గర పడితే పెద్దపల్లి జిల్లాలోని గోదావరిఖని బజారు తీరే మారిపోతుంది. సింగరేణి బొగ్గు గనుల లాభాల్లో కార్మికుల వాటా ఖాతాల్లో పడే రోజులవి. 2024లో విస్తరణ పనులకు పక్కన పెట్టగా మిగిలిన లాభంలో 33 శాతం, అంటే 796 కోట్ల రూపాయలను కార్మికులకు పంచారు. సగటున ఒక్కొక్కరికి లక్షా 90 వేల రూపాయలు వచ్చింది. కాంట్రాక్టు కార్మికులకు కూడా తొలిసారిగా తలా 5 వేలు ఇచ్చారు. ఆ డబ్బుతో కొందరు బట్టలు, బంగారం కొంటారు. ఇంకొందరు ఏడాదంతా మోసిన బాకీలను దించుకుంటారు. బిడ్డ పెళ్లికి తీసిన పర్సనల్ లోను, దవాఖాన బిల్లుకు గీకిన క్రెడిట్ కార్డు, గిర్వి పెట్టిన పుస్తెలతాడు, ఇట్లా ఇంటింటికీ ఒక లెక్క ఉంటుంది.

సరిగ్గా ఆ వారంలోనే ఫోన్లు మొదలవుతాయి. "సార్, మీకు కొత్త కార్డు మంజూరుకు సిద్ధంగా ఉంది, పాన్ నంబరు చెప్తే చాలు" అంటుంది అవతలి గొంతు. బాకీ కట్టేసిన ధీమాతో ఇవతలివాళ్లు సరేనంటారు. వారం తిరక్కుండానే దరఖాస్తు తిరస్కరించామని సందేశం వస్తుంది. అప్పు తీర్చినా ఎందుకు కాదన్నారో అర్థం కాదు. పెద్దపల్లి జిల్లాలో గనుల దగ్గర, ఎన్టీపీసీ దగ్గర, బసంత్‌నగర్ సిమెంటు ఫ్యాక్టరీ దగ్గర నెల జీతం మీద బతికే కుటుంబాలు తెలుసుకోవలసిన సంగతి ఇది. అప్పు తీర్చిన రోజు వేరు. అప్పు తీరిందని బ్యాంకులన్నిటికీ తెలిసే రోజు వేరు. కొత్త కార్డుకు అర్హత ఉందో లేదో చూసుకోవలసింది ఆ రెండో రోజు తర్వాతే.

ఆ కబురు ఎట్లా చేరుతుందో చూద్దాం. ఎవరు ఎంత అప్పు తీసుకున్నారు, కిస్తులు ఏ తేదీన కట్టారు అనే వివరాలు భద్రపరిచే సంస్థలు మన దేశంలో నాలుగున్నాయి. 2000 సంవత్సరంలో పుట్టిన సిబిల్ అందరికీ తెలిసిన పేరు. ఇప్పుడు దాని పేరు ట్రాన్స్‌యూనియన్ సిబిల్. ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, క్రిఫ్ హైమార్క్ మిగతా మూడు. 2005లో వచ్చిన చట్టం కింద, రిజర్వు బ్యాంకు అనుమతితో ఇవి పనిచేస్తాయి. ఊళ్లో కిరాణా దుకాణపు ఖాతా పుస్తకం ఎట్లాంటిదో ఇవీ అట్లాంటివే. తేడా ఏమిటంటే, ఒక దుకాణం రాసిన పద్దు దేశంలోని అన్ని దుకాణాలకూ కనిపిస్తుంది. 300 నుంచి 900 దాకా ఇచ్చే స్కోరు ఆ పద్దులను బట్టి కట్టిన లెక్క.

పద్దు రాసేది ఈ సంస్థ, అంటే బ్యూరో, కానీ వివరం పంపవలసింది బ్యాంకు. ఒకప్పుడు నెలకోసారి పంపితే సరిపోయేది. 2025 జనవరి 1 నుంచి కనీసం పదిహేను రోజులకోసారి పంపాలని రిజర్వు బ్యాంకు నిబంధన పెట్టింది. ఆ నిబంధన ప్రకారం నెలలో 15వ తేదీన, మళ్లీ నెలాఖరున ఖాతాలో ఉన్న లెక్క తీసి ఏడు రోజుల్లోగా బ్యూరోకు చేర్చాలి. అందిన ఐదు రోజుల్లోగా బ్యూరో దాన్ని ఎక్కించుకోవాలి.

ఇప్పుడొక లెక్క వేసుకుందాం. ఒక కార్మికుడు అక్టోబరు 8న పర్సనల్ లోను మొత్తం కట్టేశాడనుకుందాం. 15వ తేదీ లెక్కలో అది కనిపిస్తుంది. 22 లోపు బ్యాంకు పంపుతుంది. 27 లోపు బ్యూరోలో పడుతుంది. అదే 16వ తేదీన కట్టి ఉంటే నెలాఖరు దాకా ఆగాలి. నవంబరు 7 నాటికి బ్యాంకు నుంచి వెళ్లి, 12 నాటికి బ్యూరోలో ఎక్కుతుంది. అంటే మూడు, నాలుగు వారాల పని.

క్రెడిట్ కార్డుకు ఇంకొక మెలిక ఉంది. చాలా బ్యాంకులు కార్డు బాకీ కింద చివరి బిల్లులో వేసిన మొత్తాన్నే పంపుతుంటాయి. లక్ష రూపాయల లిమిట్ ఉన్న కార్డు మీద 80 వేలు బాకీ ఉందనుకుందాం. ప్రతి నెలా 20న బిల్లు పడుతుంది. 8వ తేదీన 70 వేలు కట్టినా, 15వ తేదీ లెక్కలో పాత బిల్లు తాలూకు 80 వేలే వెళ్లవచ్చు. 20న కొత్త బిల్లు పడ్డాకే 10 వేల బాకీగా మారుతుంది. నెలాఖరు లెక్కలో అది వెళ్లి, నవంబరు రెండో వారానికి బ్యూరోలో కనిపిస్తుంది. అందుకని కార్డు బాకీ తగ్గించుకున్నవాళ్లు తర్వాతి బిల్లు చేతికి వచ్చేదాకా ఆగి, ఆపైన మూడు వారాలు చూసుకోవడం మేలు. అన్నీ కలిపితే నెల నుంచి నెలన్నర.

ఈ నెలన్నరలో కొత్త దరఖాస్తు పెడితే ఏమవుతుంది? బ్యాంకు బ్యూరోను అడుగుతుంది. అక్కడింకా పాత బాకీయే ఉంటుంది. లిమిట్‌లో 80 శాతం వాడేసిన మనిషిగా లెక్కలో కనిపిస్తాడు. లిమిట్‌లో 30 శాతం లోపు వాడుకుంటే మంచిదన్నది ఈ రంగంలో అందరూ పాటించే కొలత. ఇది చట్టం కాదు, వాడుక. కట్టిన 70 వేలు బ్యాంకు కంటికి ఆనకముందే తిరస్కరణ వచ్చేస్తుంది. పైగా ఆ బ్యాంకు వివరాలు అడిగిన సంగతి కూడా బ్యూరో ఇచ్చే నివేదికలో చేరుతుంది. తక్కువ కాలంలో అట్లాంటి విచారణలు నాలుగైదు పడితే, ఈ మనిషికి డబ్బు కటకట ఉందేమోనని తర్వాతి బ్యాంకు అనుమానిస్తుంది. ఒక్క దరఖాస్తు అనుకుని సంతకం పెట్టిస్తే, దాన్ని నాలుగు బ్యాంకులకు పంపే మధ్యవర్తులు ఉంటారు. ఏ బ్యాంకుకు పంపుతున్నారో ముందే అడిగి రాయించుకోవాలి.

ఎవరి స్కోరు వారు చూసుకుంటే మాత్రం స్కోరు తగ్గదు. తగ్గుతుందన్న భయంతో చాలామంది చూసుకోకుండానే దరఖాస్తు చేస్తున్నారు, నష్టపోతున్నారు. నాలుగు సంస్థల్లో ప్రతి ఒక్కటీ ఏడాదికోసారి పూర్తి నివేదికను స్కోరుతో సహా ఉచితంగా ఇవ్వాలి. 2017 నుంచి అమల్లో ఉన్న హక్కు ఇది. మూడు నెలలకొకటి చొప్పున అడిగితే ఏడాది పొడవునా తన పద్దు తన కళ్లముందే ఉంటుంది. అలాగే కొన్ని బ్యాంకులు తమ యాప్‌లో, వెబ్‌సైటులో దరఖాస్తు లేకుండానే అర్హత చూసుకునే వీలు కల్పిస్తున్నాయి. అక్కడ స్కోరు మీద ప్రభావం ఉండదని రాసి ఉంటేనే ముందుకు పోవాలి.

స్కోరు ఒక్కటే అర్హత కాదు. నెల జీతంలో కిస్తులకు ఎంత పోతోందో కూడా బ్యాంకు చూస్తుంది. చేతికి 60 వేలు వచ్చే ఉద్యోగికి ఇల్లు, బండి, పర్సనల్ లోన్ల కిస్తులు కలిపి 32 వేలు పోతున్నాయనుకుందాం. సగం దాటింది కాబట్టి స్కోరు బాగున్నా బ్యాంకు వెనకాడుతుంది. బోనస్‌తో 12 వేల కిస్తు ఉన్న లోను తీర్చేస్తే మిగిలేది 20 వేలు, జీతంలో మూడో వంతు. స్కోరు పెద్దగా కదలకపోవచ్చు, అర్హత మాత్రం పెరుగుతుంది. కాబట్టి లోను తీర్చినవాళ్లు బ్యాంకు నుంచి బాకీ లేదన్న పత్రం తీసుకుని, నివేదికలో ఆ ఖాతా 'క్లోజ్డ్' అని మారిందో లేదో చూసుకున్నాకే అడుగు వేయాలి.

బాకీ తీరిన ఉత్సాహంలో కార్డును రద్దు చేసుకునేవాళ్లూ ఉన్నారు. కొత్త కార్డు కావాలనుకుంటే ఈ తొందర పనికిరాదు. లక్ష చొప్పున లిమిట్ ఉన్న రెండు కార్డుల మీద కలిపి 30 వేలు బాకీ ఉంటే వాడకం 15 శాతం. బాకీ లేని కార్డును తీసేస్తే అదే 30 వేలు 30 శాతం అవుతుంది. మనిషి పైసా అప్పు పెంచలేదు, లెక్కలో మాత్రం బరువు రెండింతలైంది. ఏటా రుసుము పడని పాత కార్డును ఉంచుకోవడమే నయం. కార్డు చేతిలో ఉంటే ఖర్చు ఆగదన్న భయం ఉన్నవాళ్ల సంగతి వేరు. వాళ్లకు రద్దే మంచిది, స్కోరు తర్వాత సంగతి.

ఎందుకంటే కార్డు మిత్తి మామూలు మిత్తి కాదు. చాలా కార్డుల మీద నెలకు మూడున్నర శాతం దాకా, కొన్నిటి మీద అంతకంటే ఎక్కువే పడుతుంది. పల్లె లెక్కలో చెప్పాలంటే నూటికి మూడున్నర రూపాయల మిత్తి. రెండు రూపాయల మిత్తికే మండిపడే ఊళ్లలో ఇది నిశ్శబ్దంగా నడుస్తోంది. 80 వేల బాకీ మీద నెలకు 2,800 రూపాయలు, దాని మీద 18 శాతం జీఎస్టీ 504 రూపాయలు, మొత్తం 3,304. బిల్లు మీద ఉండే కనీస మొత్తం కడుతూ పోతే అందులో చాలా భాగం మిత్తికే పోయి అసలు అట్లాగే ఉంటుంది. కార్డు వడ్డీ 30 శాతం దాటకూడదని జాతీయ వినియోగదారుల కమిషన్ 2008లో ఇచ్చిన ఆదేశాన్ని సుప్రీంకోర్టు 2024 డిసెంబరు 20న కొట్టేసింది. ఇక జాగ్రత్త కార్డు వాడేవాళ్ల మీదే పడింది. అందుకని నివేదిక మారగానే కాకుండా, వరసగా మూడు బిల్లులు పూర్తిగా కట్టగలిగాకే కొత్త కార్డు గురించి ఆలోచించడం క్షేమం.

క్రెడిట్ కార్డుతో తెలుగువాళ్లకు పరిచయం కొత్తది కాదు. భోగరాజు పట్టాభి సీతారామయ్య 1923లో మచిలీపట్నంలో స్థాపించిన ఆంధ్రా బ్యాంకు 1981లోనే క్రెడిట్ కార్డు తెచ్చింది. దేశంలో ఈ పని ముందుగా చేసిన బ్యాంకుల్లో అదొకటి. 2020 ఏప్రిల్ 1న ఆ బ్యాంకు యూనియన్ బ్యాంకులో కలిసిపోయింది. అప్పట్లో కార్డు కొద్దిమంది చేతుల్లోనే ఉండేది. 2024 మొదట్లో దేశంలో కార్డుల సంఖ్య 10 కోట్లు దాటింది. 2022 నుంచి రూపే క్రెడిట్ కార్డును యూపీఐకి జోడించే వీలు రావడంతో చాయ్ దుకాణంలో, కూరగాయల అంగట్లో కూడా స్కాన్ చేసి అప్పు మీద కొనవచ్చు. చిన్నచిన్న మొత్తాలే నెలాఖరుకు పెద్ద బిల్లై కూర్చుంటాయి. ఈ జోరు చూసి రిజర్వు బ్యాంకు 2023 నవంబరు 16న పగ్గాలు బిగించింది. కార్డు అప్పుల మీద బ్యాంకులు లెక్కగట్టే రిస్కు భారాన్ని 125 నుంచి 150 శాతానికి పెంచింది. అంటే ప్రతి కార్డు అప్పుకూ బ్యాంకు మరింత సొంత మూలధనం పక్కన పెట్టాలి. దాంతో దరఖాస్తులను మరింత జల్లెడ పట్టడం మొదలైంది.

అప్పు తగ్గించుకున్న తీరును బట్టి కూడా ఆగవలసిన కాలం మారుతుంది. పూర్తిగా కట్టినవాళ్ల నివేదిక మారడానికి నెలన్నర చాలు. గత ఏడాదిలో కిస్తులు తప్పినవాళ్లకు అది చాలదు. ఏ నెలలో ఎన్ని రోజులు ఆలస్యమైందో 36 నెలల చరిత్ర సిబిల్ నివేదికలో వరసగా ఉంటుంది. బాకీ తీర్చినంత మాత్రాన అది చెరిగిపోదు. వాళ్లు కనీసం ఆరు నెలలు తేదీ తప్పకుండా కట్టి చూపించి, ఆ తర్వాత అర్హత చూసుకోవడం మంచిది.

అన్నిటికంటే గట్టి దెబ్బ 'సెటిల్‌మెంట్' చేసుకున్నవాళ్లకు తగులుతుంది. లక్షన్నర బాకీకి 60 వేలు కట్టి చేతులు దులుపుకుంటే ఆ పూటకు ఊరటే. నివేదికలో మాత్రం 'సెటిల్డ్' అని పడుతుంది, 'క్లోజ్డ్' అని కాదు. రాజీ చేసుకున్న వ్యక్తికి ఆ బ్యాంకు కనీసం 12 నెలల దాకా కొత్త అప్పు ఇవ్వకూడదని రిజర్వు బ్యాంకు 2023 జూన్ 8న నియమం పెట్టింది. వ్యవసాయ రుణాలకు మాత్రం ఈ 12 నెలల కనీస గడువు వర్తించదు. చేతిలో బోనస్ ఉన్నవాళ్లు మిగిలిన బాకీ కూడా కట్టి 'క్లోజ్డ్' అని మార్పించమని బ్యాంకును అడగవచ్చు. అడిగినప్పుడు జవాబు రాతపూర్వకంగానే తీసుకోవాలి.

జిల్లాలో గనులతో పాటు వరి పొలాలూ ఉన్నాయి. సుల్తానాబాద్, ధర్మారం, ఓదెల, మంథని మండలాల రైతులకు 2024 రుణమాఫీ అప్పు తగ్గిన పెద్ద సందర్భం. జూలై 18న లక్ష దాకా, జూలై 30న లక్షన్నర దాకా, ఆగస్టు 15న 2 లక్షల దాకా పంట రుణాలను రాష్ట్ర ప్రభుత్వం మాఫీ చేసింది. 2 లక్షలకు మించి ఉన్నవాళ్లు పై మొత్తాన్ని ముందు కట్టాలని చెప్పింది. పంట రుణం కూడా బ్యూరోకు చేరే అప్పే. మాఫీ సొమ్ము ఖాతాలో పడ్డాక బాకీ సున్నా అని నివేదికలో ఉందా, పై మొత్తం గడువు దాటినట్టు ఇంకా కనిపిస్తోందా అన్నది రైతు చూసుకోవాలి. కొడుకు చదువుకు లోను అడగబోయినప్పుడో, కిసాన్ క్రెడిట్ కార్డు తిరగరాయించుకునేటప్పుడో తెలిస్తే ఆలస్యమవుతుంది. పైగా కిసాన్ కార్డు మీద సకాలంలో కడితే 3 లక్షల దాకా పడే వడ్డీ ఏడాదికి 4 శాతమే. దాన్ని సరిగా నడుపుకునే రైతు ఏడాది వడ్డీ 40 శాతం దాటే క్రెడిట్ కార్డు వైపు చూడవలసిన పని చాలా వరకు ఉండదు.

కాంట్రాక్టు కార్మికుల కష్టం ఇంకో తీరుగా ఉంటుంది. బాకీ లేకపోయినా జీతపు పత్రం సరిగా లేకనో, కాంట్రాక్టరు మారడం వల్లనో దరఖాస్తు ఆగిపోతుంది. అట్లాంటివాళ్లకు, సెటిల్‌మెంట్ మచ్చ ఉన్నవాళ్లకు ఫిక్స్‌డ్ డిపాజిట్ మీద ఇచ్చే కార్డు ఒక దారి. చిన్న మొత్తం డిపాజిట్ చేస్తే దాన్ని హామీగా పెట్టుకుని, అందులో ఎక్కువ భాగం మేరకు లిమిట్ ఇస్తారు. డిపాజిట్‌కు వడ్డీ వస్తూనే ఉంటుంది. నెలనెలా బిల్లు మొత్తం కడితే ఏడాదిలో మంచి పద్దు తయారవుతుంది.

నివేదికలో తప్పు కనిపిస్తే కొత్త కార్డు సంగతి పక్కన పెట్టి ముందు దాన్ని సరిచేయించాలి. తీర్చిన లోను తీరనట్టు ఉండటం, వేరేవాళ్ల అప్పు తన పేరు మీద పడటం లాంటివి జరుగుతుంటాయి. బ్యూరోకు గానీ బ్యాంకుకు గానీ ఉచితంగా ఫిర్యాదు చేయవచ్చు. 30 రోజుల్లోగా తేల్చకపోతే, ఆపైన రోజుకు 100 రూపాయల చొప్పున పరిహారం ఇవ్వాలన్న నిబంధన 2024 ఏప్రిల్ నుంచి అమల్లో ఉంది. అప్పటికీ పని జరగకపోతే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్లవచ్చు. సమాచారం కోసం 14448 నంబరుకు ఫోన్ చేయవచ్చు. "ఐదు వేలిస్తే స్కోరు పెంచుతాం" అనేవాళ్ల మాట నమ్మరాదు. నిజమైన పద్దును డబ్బిచ్చి ఎవరూ చెరిపించలేరు. పాన్, ఆధార్, ఓటీపీ ఫోన్లో చెప్పి మోసపోతే వెంటనే 1930కి ఫోన్ చేయాలి.

అన్నీ సరిగా ఉన్నాయని తేలాక దరఖాస్తు ఒక్క బ్యాంకుకే పెట్టాలి. జీతం పడే బ్యాంకు అయితే మరీ మంచిది, రాబడి దాని కళ్లముందే ఉంటుంది కనుక. కాదంటే ముఖ్య కారణమేమిటో రాతపూర్వకంగా చెప్పవలసిన బాధ్యత బ్యాంకుదే. ఆ కాగితం చేతికి వచ్చేదాకా రెండో చోట అడగకూడదు. అందులో ఉన్న కారణాన్ని సరిచేసుకోవడానికి మూడు నుంచి ఆరు నెలలు పట్టవచ్చు. అడగకుండా కార్డు వస్తే తీసుకోనక్కర లేదు. వచ్చిన కార్డును 30 రోజుల్లో వాడుకలోకి తేకపోతే బ్యాంకు ఓటీపీతో అనుమతి అడగాలి, ఇవ్వకపోతే రుసుము లేకుండా మూసేయాలి. బాకీ లేని కార్డును రద్దు చేయమంటే ఏడు పని దినాల్లో చేయాలి, ఆలస్యమైతే రోజుకు 500 రూపాయలు చెల్లించాలి.

ఈసారి లాభాల వాటా అందుకునే కుటుంబాలు డబ్బు పడిన రోజే ఇంట్లో అందరూ కూర్చుని, ఎక్కువ మిత్తి పడే బాకీ ఏదో చూసి ముందు దాన్ని తీర్చాలి. కట్టిన తేదీని, తర్వాతి బిల్లు తేదీని క్యాలెండరు మీద రాసుకోవాలి. నెలన్నర తర్వాతి తేదీని గుండ్రంగా చుట్టాలి. అప్పటిదాకా ఏ ఫోన్‌కు సరేననవద్దు. ఆ రోజున నాలుగు బ్యూరోల్లో ఒకదాని ఉచిత నివేదిక తీసి, తీర్చిన ప్రతి బాకీ ఎదురుగా సున్నా ఉందో లేదో ఇంట్లో చదువుకున్న పిల్లలతో చదివించుకోవాలి. ఒక్క ఖాతా తేడాగా కనిపించినా ఆ రోజే ఫిర్యాదు రాసి, ఫిర్యాదు నంబరు దాచుకోవాలి.